పండుగ మర్నాటి లెక్క: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

వినాయక చవితి మొదలుకొని హోలీ వరకు వచ్చే పండుగలను నీటికీ గాలికీ హాని లేకుండా ఎలా జరుపుకోవాలని అడుగుతూ ఈ శీర్షికకు ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయాన్ని అడిగిన వాటిని ఒక ప్రశ్నగా కలిపి, పండుగలు వచ్చే వరుసలోనే సమాధానాలు ఇస్తున్నాను. అన్నిటికీ నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే: పండుగ కోసం ఇంటికి తెచ్చిన వస్తువు మర్నాడు ఎక్కడికి చేరుతుంది, అక్కడ ఎన్నాళ్ళు ఉంటుంది?

ప్రశ్న: మట్టి వినాయకుణ్ణి తెద్దామంటే పిల్లలు రంగుల విగ్రహమే కావాలంటున్నారు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ కూడా ఒక రకం మట్టే కదా, అది నీటిలో కలిస్తే వచ్చే నష్టమేమిటి? బజారులో మట్టి విగ్రహమని అమ్మేది నిజంగా మట్టిదేనని ఎలా తెలుసుకోవాలి?
ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: జిప్సం రాయిని వేడిచేసి, అందులోని నీటిని చాలా వరకు పోగొట్టి చేసిన పొడే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్. దానికి మళ్ళీ నీళ్ళు కలిపితే అది గట్టిపడి తిరిగి జిప్సంగా మారుతుంది కనుక, మీ ఇంటికి వచ్చే విగ్రహం మట్టి ముద్ద కాదు, అచ్చులో పోసిన రాయి. లీటరు నీటిలో జిప్సం 2 గ్రాముల పైచిలుకు మాత్రమే కరుగుతుంది. కదలిక లేని చెరువు అడుగున, పైన బురద కప్పేసిన తరువాత ఆ కరగడం కూడా మందగించి, చేతులూ తొండాలూ విరిగిన విగ్రహాలు నెలల తరబడి అలాగే పడి ఉంటాయి. కరిగిన కొద్ది భాగమూ ఊరికే ఉండదు. అది నీటిలో సల్ఫేటును పెంచుతుంది; ప్రాణవాయువు అందని అడుగు బురదలో కొన్ని రకాల బాక్టీరియా ఆ సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. చెరువు గట్టున కుళ్ళిన కోడిగుడ్ల వాసన వేయడానికి కారణమయ్యే ఈ వాయువు చేపలకు విషం.

అయితే ప్లాస్టర్ కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దాని మీది రంగు. తళతళలాడే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం, క్రోమియం, కాడ్మియం, పాదరసం వంటి భారలోహాలు ఉండవచ్చు. లోహం కుళ్ళదు, మురగదు, ఎండకు నశించదు. బురదలో చేరిన లోహం నాచులోకి, నాచు నుంచి చేపలోకి, ఆ చేపను తిన్న మనిషిలోకి వస్తుంది. కాబట్టి మట్టితో చేసినా పైన ఆయిల్ పెయింటు పూసిన విగ్రహాన్ని మంచిదని చెప్పలేను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో ఇచ్చిన నిమజ్జన మార్గదర్శకాలను 2020 మే 12న సవరించినప్పుడు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, థర్మకోల్, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లేని సహజమైన బంకమట్టి విగ్రహాలనే చేయాలనీ, సహజమైన రంగులే వాడాలనీ చెప్పింది.

గుర్తుపట్టడం కష్టం కాదు. విగ్రహాన్ని తిరగవేసి అడుగున గోటితో గీరితే తెల్లని పొడి రాలిందంటే అది ప్లాస్టర్. మట్టి విగ్రహం అదే పరిమాణంలో ఉన్న ప్లాస్టర్ విగ్రహం కన్నా చేతికి బరువుగా తగులుతుంది. తడి వేలితో రుద్దితే వేలికి మట్టి అంటుతుంది. కాల్చిన మట్టి విగ్రహాన్ని కూడా తీసుకోకండి. ఒకసారి ఆవంలో కాలిన మట్టి ఇటుకతో సమానం, నీటిలో ఎన్నాళ్ళున్నా కరగదు.

పిల్లల సరదాను కాదనవద్దు. ముందు రోజే బంకమట్టి తెచ్చి వారి చేతికే ఇవ్వండి. పసుపు, గంధం, బియ్యప్పిండి, ఎర్రమన్ను వారికి కావలసిన రంగులన్నీ ఇస్తాయి. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. కళ్ళకు గురివింద గింజలు పెట్టడం మన ఇళ్ళలో పాత అలవాటు, కానీ ఆ గింజ నమిలి మింగితే ప్రాణాంతకమైన విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో వాటికి బదులు మినపగింజలో మిరియాలో పెట్టండి.

ఉద్వాసన చెప్పిన తరువాత పత్రి, పూలు, వస్త్రం, పూసలు తీసేసి, విగ్రహాన్ని ఒక బకెట్టు నీటిలో ఉంచండి. రంగు వేయని పచ్చిమట్టి విగ్రహం చిన్నదైతే కొన్ని గంటల్లో, కొంచెం పెద్దదైతే మర్నాటికి విడిపోతుంది. ఆ మట్టిని నీళ్ళతో సహా పూలకుండీల్లో పోయండి. బకెట్టులో నిమజ్జనం అగౌరవమని కొందరు పెద్దలు బాధపడతారు. ఉద్వాసనతో పూజ ముగిసింది, మిగిలిన మట్టిని నీటి ద్వారా మళ్ళీ మట్టికి చేర్చడమే నిమజ్జనం కనుక, ఇంటి గుమ్మం ముందు తులసి కుండీలో ఆ మట్టి కలవడం కన్నా మర్యాద ఏముంటుందో నాకు తెలియదు.

ప్రశ్న: ఇప్పటికే ప్లాస్టర్ విగ్రహం కొని పూజ కూడా చేశాము. చెరువులో వేయడానికి మనసు ఒప్పడం లేదు. ఏం చేయాలి?
ఒక ఉద్యోగి, నిజామాబాద్

జవాబు: మీకు రెండు దారులున్నాయి. మొదటిది, విగ్రహాన్ని భద్రపరచి ప్రతి ఏడాదీ అలంకారంగా దానినే నిలబెట్టి, పూజను పసుపు గణపతికి చేసి, ఆ పసుపు ముద్దనే నీటిలో కలపడం. ఏ పూజకైనా ముందు పసుపుతో గణపతిని చేసుకునే ఆచారం మన ఇళ్ళలో ఉన్నదే కనుక, ఇందులో కొత్త ఏమీ లేదు.

రెండవది రసాయనిక మార్గం. పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీ ఒక పద్ధతిని రూపొందించింది. బేకరీల్లో పిండి పొంగడానికి వాడే అమ్మోనియం బైకార్బొనేట్‌ను విగ్రహం బరువుకు సమానంగా తీసుకుని, విగ్రహం మునిగేన్ని నీళ్ళలో కలిపి, అందులో విగ్రహాన్ని ఉంచి, రెండు మూడు గంటలకొకసారి కలుపుతూ ఉండాలి. రెండు మూడు రోజుల్లో విగ్రహం విడిపోయి, అడుగున కాల్షియం కార్బొనేట్ తెల్లగా పేరుకుంటుంది, పైన తేరిన నీటిలో అమ్మోనియం సల్ఫేట్ మిగులుతుంది. ఇది ఎరువుగా వాడే పదార్థమే కాబట్టి పలుచన చేసి మొక్కలకు పోయవచ్చు. అమ్మోనియా ఘాటు వస్తుంది కనుక ఈ పని గదిలో కాకుండా ఆరుబయట చేయండి. విగ్రహం మీద రంగు ఎక్కువగా ఉంటే ముందే గీకి తీసేయండి, ఆ నీటిని పూలమొక్కలకే వాడండి, కూరగాయల మడికి వద్దు.

ప్రశ్న: మా కాలనీలో ఏటా పెద్ద విగ్రహం పెడతాము. ఎత్తు తగ్గిస్తే చందాలు రావని సభ్యులు అంటున్నారు. పెద్ద మట్టి విగ్రహం సాధ్యమేనా? మండపం విషయంలో ఇంకా ఏమేమి చూసుకోవాలి?
కాలనీ ఉత్సవ సంఘం కార్యదర్శి, హైదరాబాద్

జవాబు: సాధ్యమే. 1954లో మొదలైన ఖైరతాబాద్ ఉత్సవంలో 2022లో 50 అడుగుల విగ్రహాన్ని మట్టితోనే నిలబెట్టారు. ఆ తరువాతి సంవత్సరాల్లో ఇంకా ఎత్తయిన విగ్రహాలు కూడా మట్టితోనే వచ్చాయి. అంత విగ్రహం మట్టితో అయినప్పుడు మీ కాలనీ విగ్రహానికి మట్టి చాలదనే మాట నిలవదు.

కానీ మట్టి అయినంత మాత్రాన ఎంతైనా ఫరవాలేదని నేను అనను. పెద్ద మట్టి విగ్రహం లోపల ఇనుప చట్రం, కొయ్యలు, గడ్డి, గోనె, తాళ్ళు ఉంటాయి. టన్నుల కొద్దీ మట్టి ఒకే రోజు ఒకే చెరువులో పడితే నీరు రోజుల తరబడి బురదగా ఉండి, వెలుతురు లోపలికి దిగక, అడుగున పూడిక పెరుగుతుంది. నాలుగున్నర శతాబ్దాల క్రితం కుతుబ్ షాహీల కాలంలో తాగునీటి కోసం తవ్విన హుస్సేన్ సాగర్‌ ఈనాటి స్థితికి నిమజ్జనాలు ఒక్కటే కారణం కాదు. నగరపు మురుగూ పరిశ్రమల వ్యర్థాలూ అంతకన్నా పెద్ద కారణాలు. అయినా అప్పటికే జబ్బుపడిన నీటి మీద మనం మరికొంత భారం వేయడానికి అది సాకు కారాదు. ప్లాస్టర్ విగ్రహాలను అందులో నిమజ్జనం చేయవద్దని 2021 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. ఏర్పాట్లకు వ్యవధి లేదన్న కారణంతో సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి మాత్రమే సడలింపు ఇచ్చింది.

కాబట్టి ఎత్తు తగ్గించడమే అసలైన పని. సభ్యులను ఒప్పించడానికి ఒక మార్గం చెబుతాను: తగ్గించిన ఎత్తు వల్ల మిగిలే డబ్బును దేనికి ఖర్చు పెడతారో చందా అడిగేటప్పుడే చెప్పండి. అన్నదానానికో, కాలనీ బడికో, పాటల పోటీలకో ఆ డబ్బు వెళుతుందని ముందే తెలిస్తే చందా ఇచ్చేవారికి విగ్రహం కురచ అయిందన్న వెలితి ఉండదు. నిమజ్జనానికి నగరపాలక సంస్థ తవ్వించిన ప్రత్యేక కొలనులను, జనం బేబీ పాండ్స్ అని పిలిచే వాటిని, ఎంచుకోండి. ఆ నీరు చెరువులో కలవదు, మట్టినీ చట్రాన్నీ తరువాత తీసేయవచ్చు.

మండపానికి థర్మకోల్ వాడకండి. అలంకరణకు వాడే థర్మకోల్, ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధంలో ఉన్నాయి. 100 మైక్రాన్ల కన్నా, అంటే మిల్లీమీటరులో పదో వంతు కన్నా, పలచని ప్లాస్టిక్ బ్యానర్లకూ అదే నిషేధం వర్తిస్తుంది. వెదురు, కొబ్బరి మట్టలు, అరటి బోదెలు, అద్దె బట్ట పందిళ్ళు ఎంత అందంగా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ప్రసాదానికి మోదుగ, అడ్డాకు దొప్పలు తెప్పించండి. మన్యంలో అడ్డాకులు ఏరి విస్తళ్ళు కుట్టే గిరిజన కుటుంబాలకు అది నాలుగు డబ్బులు తెచ్చే పని కూడా. కొనేటప్పుడు దొప్పను తిరగేసి చూడండి, ఆకుకు సన్నని ప్లాస్టిక్ పొర అతికించి అమ్మడం ఇప్పుడు మామూలైపోయింది. కాగితపు గ్లాసుల్లోపలా అటువంటి పొరే ఉంటుంది కనుక వాటిని ప్లాస్టిక్‌కు బదులుగా భావించకండి. స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చి, కడగడానికి ఇద్దరిని పెట్టుకోవడమే మేలు.

ఇక మైకు. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు పెట్టరాదు. పండుగల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదు. కాలనీలో మంచం పట్టిన వృద్ధులు, పసిబిడ్డలు, పరీక్షలకు చదువుకునే పిల్లలు ఏ ఇళ్ళలో ఉన్నారో సంఘానికి తెలిసే ఉంటుంది, మైకును ఆ ఇళ్ళ వైపు తిప్పకండి.

ప్రశ్న: వినాయకుడికి వాడే 21 పత్రులు ఔషధాలు కాబట్టి వాటిని చెరువులో వేస్తే నీరు శుద్ధి అవుతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఇందులో నిజమెంత?
విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: గౌరవంతోనే విభేదిస్తున్నాను. తులసి, మరువం, వావిలి, ఉత్తరేణి వంటివి వైద్యంలో వాడుకలో ఉన్న మాట నిజమే. కానీ ఆకు వైద్యానికి పనికివచ్చినంత మాత్రాన అది నీటిని శుభ్రం చేస్తుందని కాదు. నీటిలో పడిన ఆకు ఏదైనా కుళ్ళుతుంది, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటాయి. 30 డిగ్రీల వేడి ఉన్న శుభ్రమైన నీటిలో సైతం లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువే కరుగుతుంది. మన చెరువుల్లో అంత కూడా ఉండదు. ఊరికి నలభై ఇళ్ళున్న రోజుల్లో, వర్షాలకు నిండిన పెద్ద చెరువులో గుప్పెడు పత్రి పడితే ఏమీ కాలేదు. ఒక పట్టణమంతా సంచుల కొద్దీ పత్రి, పూలు, కొబ్బరి చిప్పలు ఒకే రేవులో గుమ్మరిస్తే ఆ రేవులో చేపలు తేలడం ఆశ్చర్యం కాదు. సహజమైనదైనా మోతాదు మించితే హాని చేస్తుందన్న సంగతి ఔషధం తెలిసినవారికి కొత్త కాదు.

పత్రిని నిమజ్జనానికి ముందే వేరుచేసి, పెరట్లో గుంట తీసి ఎండుటాకులతో, కాస్త మట్టితో పొరలుగా కప్పితే కొన్ని వారాల్లో ఎరువవుతుంది. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు పశువులకు విషం కనుక పత్రిని రోడ్డు పక్కన, పశువులు తిరిగే చోట అస్సలు పారవేయకండి.

సేకరణ గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. పండుగ ముందు రోజు బజారుకు వచ్చే పత్రి కట్టల కోసం మారేడు, మద్ది, జమ్మి కొమ్మలను కొమ్మలుగానే నరికేస్తున్నారు. పూజకు ఒక్కో రకం ఆకు ఒకటి చాలు. జాబితాలోని దేవదారు హిమాలయాల్లో పెరిగే చెట్టు. అది దొరకలేదని ఏదో ఒక కొమ్మ తెచ్చి ఆ పేరు పెట్టడం కన్నా, లేని పత్రికి బదులు అక్షతలు వేయడమే నిజాయతీ. దసరాకు జమ్మి ఆకు పంచుకునేటప్పుడు కూడా గుప్పెడు ఆకులే కోయండి, కొమ్మ విరవకండి.

ప్రశ్న: బతుకమ్మ పూలతో చేసే పండుగ కదా, దాని వల్ల పర్యావరణానికి హాని ఉంటుందా? మా ఊరి చెరువు దగ్గర మర్నాడు చూస్తే మాత్రం బాధ వేస్తోంది.
డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: తంగేడు, గునుగు, కట్ల, బంతి, గుమ్మడి పూలతో పేర్చిన బతుకమ్మ నీటిలో కలిస్తే ఊరి చెరువుకు పెద్దగా హాని లేదు. మర్నాడు మీకు కనబడినది పూలు కాదనుకుంటాను. బతుకమ్మ కింద పెట్టిన ప్లాస్టిక్ పళ్ళెం, దాని మీద పరచిన కవరు, మెరుపు కాగితం, అగరుబత్తి ప్యాకెట్లు, సత్తు ముద్దలు కట్టి తెచ్చిన సంచులు. ఇత్తడి తాంబాళంలోనో వెదురు సిబ్బిలోనో పేర్చి, నీటిలో పూలను వదిలి పళ్ళేన్ని ఇంటికి తెచ్చుకుంటే సగానికి పైగా చెత్త ఉండదు.

రెండో సంగతి గునుగుకు అద్దే రంగు. తెల్లటి గునుగు కుచ్చులను గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టడం ఇప్పుడు ఇంటింటా చూస్తున్నాము. బట్టల రంగులు వాడితే అవి నేరుగా చెరువులోకే వెళతాయి. పసుపు నీళ్ళు, బీట్‌రూట్ రసం మంచి రంగులిస్తాయి. కొంచెం వెలసినా ఫరవాలేదు, ఆ పూట గడిస్తే చాలు. అసలు తెల్ల గునుగు, పసుపు తంగేడు, ఎర్ర బంతి పక్కపక్కన పేరిస్తే ఇంకో రంగు ఎందుకు కావాలో నాకు అర్థం కాదు.

గునుగు ఎవరూ విత్తేది కాదు, చేలల్లో, బీళ్ళలో దానంతట అదే మొలుస్తుంది. కలుపు మందు కొట్టిన చేనులో అది ఉండదు, ప్లాట్లు వేసిన బీడులోనూ ఉండదు. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడుదీ అదే గతి. చెరువు గట్టున, బడి ఆవరణలో, పొలం గెట్ల మీద తంగేడు గింజలు చల్లే పనిని మీ కళాశాల విద్యార్థులు వానకాలం మొదట్లో తలపెట్టవచ్చు. పూసినప్పుడు కాడను కోయండి, మొక్కను పీకవద్దు.

ప్రశ్న: మా బాబుకు ఉబ్బసం. దీపావళి వస్తే భయం వేస్తుంది. గ్రీన్ క్రాకర్స్ కొంటే పొగ ఉండదని దుకాణదారు అంటున్నాడు. నమ్మవచ్చా?
ఒక తల్లి, గుంటూరు

జవాబు: పొగ ఉండదన్న మాట నిజం కాదమ్మా. గ్రీన్ క్రాకర్స్ అంటే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ, నీరీ, సూచించిన మిశ్రమాలతో, బేరియం లవణాలు లేకుండా చేసిన టపాసులు. మామూలు వాటితో పోలిస్తే వీటి నుంచి ధూళి కణాలు కనీసం 30 శాతం తగ్గాలి. అంటే 70 శాతం వరకు మిగిలే ఉండవచ్చు. గ్రీన్ అనే పేరు చూసి నిరుటి కన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ కాలిస్తే ఆ లాభం అక్కడికక్కడే పోయినట్టే. పైగా పేరు ముద్రించిన ప్రతి పెట్టె అసలైనది కాదు, పెట్టె మీద నీరీ ముద్ర, క్యూఆర్ కోడ్ ఉన్నాయో లేదో చూడాలి.

సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 23న ఇచ్చిన తీర్పులో దీపావళి నాడు రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలనీ, గొలుసుగా అల్లిన టపాసులను, అంటే మనం లడీలు, సరాలు అనేవాటిని, తయారుచేయరాదనీ, అమ్మరాదనీ, బేరియం లవణాలు వాడరాదనీ చెప్పింది. ఆకుపచ్చ వెలుగునిచ్చే బేరియం, ఎరుపునిచ్చే స్ట్రాన్షియం, నీలాన్నిచ్చే రాగి, తెల్లని మెరుపునిచ్చే అల్యూమినియం, వీటన్నిటి సూక్ష్మమైన ధూళి పొగలో ఉంటుంది. చప్పుడు లేనివి క్షేమమనుకోవడం కూడా పొరపాటే. కాకరపువ్వొత్తి, పాము బిళ్ళ పిల్లలు ముఖానికి దగ్గరగా పెట్టుకుని కాలుస్తారు కనుక ఆ పొగ నేరుగా ఊపిరిలోకి వెళుతుంది. పుణెలోని చెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్ పరిశీలనలో అన్నిటికన్నా ఎక్కువ సూక్ష్మధూళి వెదజల్లేది పాము బిళ్ళేనని తేలింది. మీ బాబు చేతికి అది మాత్రం ఇవ్వకండి.

పండుగకు ముందే వైద్యుణ్ణి కలిసి, ఆ రోజుల్లో మందు మోతాదు ఎలా ఉండాలో, ఇబ్బంది వస్తే ఇన్‌హేలర్ ఎలా వాడాలో రాయించుకోండి. చీకటి పడగానే ప్రమిదలు వెలిగించి, వీధిలో టపాసులు మొదలుకాక ముందే బాబుతో కలిసి దీపాల వేడుక ముగించి, తరువాత కిటికీలు మూసి లోపల ఉండండి. అగరుబత్తి, సాంబ్రాణి ఆ రాత్రి వద్దు. పొగ అప్పటితో పోదు; గాలి కదలని రాత్రయితే తెల్లవారి వరకూ నేలకు దగ్గరగానే నిలుస్తుంది కాబట్టి మర్నాటి ఉదయం ఆటలకు పంపకండి. గుడ్డ మాస్కు ఈ సూక్ష్మధూళిని ఆపలేదు.

ఇరుగుపొరుగుతో మాట్లాడమని కూడా నా విన్నపం. ఫలానా ఇంట్లో బాబుకు ఉబ్బసం ఉంది, ఆ ఇంటి ముందు కాల్చవద్దని ముందే చెబితే వినని వీధి ఉండదు. అందరూ కలిసి ఒకే ఖాళీ స్థలంలో, ఒక అరగంట కాల్చుకుని ఆపేస్తే పిల్లల సరదా తీరుతుంది, వీధి వీధీ పొగచూరదు. మర్నాడు మిగిలిన కాగితాలను, పేలని టపాసులను నీళ్ళలో నానబెట్టిన తరువాతే ఎత్తండి. వాటిని కుప్పవేసి కాల్చడం రెండోసారి దీపావళి చేసుకోవడమే.

ప్రశ్న: భోగి మంటలో పాత వస్తువులు వేయాలంటారు. ఆవు పిడకల పొగ గాలిని శుభ్రపరుస్తుందన్నది నిజమేనా?
ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పిడకల పొగ కూడా పొగే. దానిలోనూ సన్నని ధూళి, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. భోగి నాటి తెల్లవారుజామున నేల దగ్గర గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉండటం వల్ల పొగ పైకి పోక ఊరి మీదే పరచుకుంటుంది. అందుకే మంట చిన్నదిగా, వీధికొకటిగా ఉంటే మంచిది. ఎండిన కట్టెలు, తాటాకులు, కొన్ని పిడకలు చాలు.

అంతకన్నా ముఖ్యం, మంటలో ఏమి వేయకూడదన్నది. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, పైపులు, కరెంటు తీగలు, రంగు వేసిన తలుపులు, ప్లైవుడ్ ముక్కలు వద్దు. పైపులకూ తీగల తొడుగులకూ వాడే పీవీసీ అనే ప్లాస్టిక్ కాలితే హైడ్రోజన్ క్లోరైడుతో పాటు డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి, పాత రంగుల్లో సీసం ఉంటుంది. అటువంటివి కాలిన బూడిద మొక్కలకూ పనికిరాదు. పాత బట్టలు, పుస్తకాలు, సామాను అవసరమున్నవారికి ఇచ్చేయండి.

ప్రశ్న: సంక్రాంతి గాలిపటాలకు ఏ దారం వాడాలి? దారం చుట్టుకున్న పక్షి కనిపిస్తే ఏం చేయాలి?
తొమ్మిదో తరగతి విద్యార్థి, హైదరాబాద్

జవాబు: బాబూ, ఏ పూతా లేని నూలు దారమే వాడు. చైనా మాంజా పేరుతో అమ్మే నైలాన్, సింథటిక్ దారాలను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 జులైలో దేశమంతటా నిషేధించింది. అది తెగదు, కుళ్ళదు. చెట్టుకు చిక్కుకుని ఏళ్ళ తరబడి వేలాడుతూ పక్షుల రెక్కలను కోస్తుంది, బండి మీద వెళ్ళేవారి మెడలనూ కోస్తుంది. పక్షులు గూటి నుంచి బయలుదేరే తొలి ఉదయం, తిరిగి వచ్చే సాయంత్రం వేళల్లో గాలిపటం ఎగరేయకుండా ఉండు. కరెంటు తీగల దగ్గర అసలే వద్దు.

చిక్కుకున్న పక్షి కనిపిస్తే దారాన్ని లాగకు, లాగితే గాయం లోతవుతుంది. పెద్దవాళ్ళను పిలిచి, పక్షి మీద మెత్తని గుడ్డ కప్పి, పక్షికి దూరంగా దారాన్ని కత్తిరించి, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి పశువైద్యశాలకు తీసుకువెళ్ళాలి. నోట్లో నీళ్ళు పోయకూడదు. పండుగ అయ్యాక మీ మేడ మీద, చెట్ల మీద చేతికి అందేంత ఎత్తులో మిగిలిన దారాన్ని ఏరి, ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేయి.

ప్రశ్న: హోలీకి మోదుగ పూల రంగు ఇంట్లో ఎలా చేసుకోవాలి?
ఒక గృహిణి, ఆదిలాబాద్

జవాబు: మోదుగ మాఘ ఫాల్గుణాల్లో పూస్తుంది కనుక పండుగ నాటికి చెట్ల కింద పూలు రాలి ఉంటాయి. రాలినవే ఏరుకోండి, చెట్టు మీదివి తేనె కోసం వచ్చే పక్షులకు వదిలేయండి. రేకలను వేడినీళ్ళలో వేసి రాత్రంతా నాననిస్తే ఉదయానికి పసుపు కలిసిన నారింజ రంగు దిగుతుంది; ఇంకా చిక్కగా కావాలంటే కాసేపు మరగబెట్టి, చల్లార్చి వడకట్టండి. రంగు ముదరడానికి కొందరు సున్నం కలుపుతారు, అది కళ్ళలో పడితే ప్రమాదం కాబట్టి పిల్లలు ఆడే నీళ్ళలో కలపకండి. రేకలను నీడన ఆరబెట్టి డబ్బాలో దాచుకుంటే వచ్చే ఏడాదికీ పనికివస్తాయి, వడకట్టిన పిప్పిని మొక్కల మొదట్లో వేయండి.